స్ట్రాంగ్ టీ, వీక్ వాదన

ఈ మధ్య మన సాహిత్య మిత్రుల్లో ఒక కొత్త వైద్యం మొదలైంది. ఎవరైనా "నాకు ఏడీహెచ్‌డీ ఉందని డాక్టర్ చెప్పారు" అన్నారనుకోండి, ఐదు నిమిషాలు తిరక్కుండానే ఎవరో ఒకరు అందుకుంటారు: "దానికి మందులెందుకండీ? కాఫీయో టీయో సరిగ్గా తాగితే చాలు. కెఫీన్ కూడా స్టిమ్యులెంటే కదా. ఇది నేను చెప్పేది కాదు, సైన్సే చెప్తోంది." చెప్పేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. నాలుగు పుస్తకాలు చదివినవాళ్ళు, తాయెత్తుల్ని ఎగతాళి చేసేవాళ్ళు. నా పేచీ సరిగ్గా వాళ్ళతోనే. తాయెత్తు కట్టేవాడు కనీసం సైన్సు పేరు వాడుకోడు.

నా పక్షం ముందే చెప్పేస్తాను. నేను డాక్టర్ని కాదు, కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. ముప్పై మూడో ఏట నాకీ డయాగ్నోసిస్ వచ్చింది. టీ అంటే ఇష్టం, ఇది రాస్తుంటే కూడా పక్కనే ఉంది. నేను అనేదల్లా ఇంతే: టీ మంచి పానీయం. పెద్దవాళ్ళ ఏడీహెచ్‌డీకి అది మందు అనడానికి మాత్రం సరైన ఆధారం లేదు. ఆధారం లేని ఆ మాటని మనం ప్రేమగా, పదే పదే చెప్పడం వల్ల కొందరి జీవితాల్లో ఏళ్ళకేళ్ళు పోతున్నాయి.

ముందు ఎదుటి వాదానికి న్యాయం చేద్దాం.

కెఫీన్ కథ మొదలైందే ఒక కవి చేతుల్లో. 1819లో గేటే, రుంగె అనే కుర్ర రసాయన శాస్త్రవేత్తకి గుప్పెడు కాఫీ గింజలిచ్చి, వీటిలో ఏముందో చూడమన్నాడు. రుంగె వాటి నుంచి వేరుచేసిన పదార్థమే కెఫీన్. 1827లో టీ ఆకులోంచి ఇంకో పదార్థం తీసి దానికి 'థీన్' అని పేరు పెట్టారు. పదేళ్ళు గడిచాక తేలిందేమిటంటే, ఆ రెండూ ఒకటే. కాబట్టి "కాఫీ వేడి, టీ చలవ" లాంటి తగాదాలు పక్కనపెడితే రెండు కప్పుల్లోనూ ఉన్న అసలు సరుకు ఒక్కటే.

అది ఏం చేస్తుంది? మెలకువగా ఉన్నంతసేపూ మన మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది తన రిసెప్టర్లలో కుదురుకుంటే మనకు నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ ఆకారంలో దానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ముందే వెళ్ళి ఆ కుర్చీల్లో కూర్చుంటుంది. కూర్చుంటుంది గానీ ఆ ఉద్యోగం చేయదు. మా భాషలో చెప్పాలంటే అలర్ట్‌ని మ్యూట్ చేయడం లాంటిది. సర్వర్ మీద లోడ్ ఎక్కడికీ పోలేదు, మనకు మోత వినపడటం లేదంతే.

ఇందులో ఇంకో మెలిక ఉంది, టీ పక్షం వాళ్ళ బలమంతా అక్కడే. మెదడులో స్ట్రయేటమ్ అనే చోట ఏ2ఏ రకం అడినోసిన్ రిసెప్టర్లూ, డీ2 రకం డోపమిన్ రిసెప్టర్లూ పక్కపక్కనే ఉంటాయి. మొదటివి రెండోవాటిని అణిచిపెడుతుంటాయి. కెఫీన్ వచ్చి మొదటివాటిని ఆపితే డోపమిన్ సంకేతం కాస్త బలపడుతుంది. ఏడీహెచ్‌డీలో డోపమిన్‌కి పాత్ర ఉందని ఎప్పట్నుంచో అనుకుంటున్నదే. ఈ సమస్యకి నమూనాగా వాడే ఒక జాతి ఎలుకలకి కెఫీన్ ఇస్తే నేర్చుకోవడం మెరుగైందని ప్రయోగాలు కూడా ఉన్నాయి. అంటే "కెఫీన్ పనిచేయొచ్చు" అనేది పిచ్చి ఊహ కాదు, పరీక్షించి చూడదగ్గ ఊహ.

పరీక్షించారు కూడా. మన మిత్రులు ఎవరూ చెప్పని భాగం ఇదే.

1971లో అమెరికా ప్రభుత్వం ఆంఫెటమిన్లనీ, రిటాలిన్ పేరుతో అందరికీ తెలిసిన మిథైల్‌ఫెనిడేట్‌నీ షెడ్యూల్ 2 అనే కఠినమైన జాబితాలో పెట్టింది. ప్రిస్క్రిప్షన్ రాయడం కష్టమయ్యేసరికి డాక్టర్లు ప్రత్యామ్నాయాల కోసం చూశారు. 1973లో రాబర్ట్ ష్నాకెన్‌బర్గ్ అనే సైకియాట్రిస్టు, ఈ మందుల స్థానంలో కెఫీన్ వాడొచ్చా అంటూ అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో ఒక చిన్న పేపర్ రాశాడు. కుదురు లేని కొందరు పిల్లలు కాఫీ తాగితే నెమ్మదిస్తున్నారని గమనించి మొదలుపెట్టిన పని అది. ఫలితం చూస్తే బ్రహ్మాండంగా కనిపించింది. దాంతో మిగతావాళ్ళూ రంగంలోకి దిగారు. ఎవరికి ఏది ఇస్తున్నారో ఇచ్చేవాళ్ళకీ తీసుకునేవాళ్ళకీ తెలియకుండా, ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూడటం మొదలుపెట్టేసరికి ఆ బ్రహ్మాండం కరిగిపోయింది. కెఫీన్ ఒకచోట కొద్దిగా పనిచేసినట్టు, ఇంకోచోట అసలు చేయనట్టు, మిథైల్‌ఫెనిడేట్ పక్కన పెడితే ఎక్కడా ఆననట్టు తేలింది. ఆ పాత ట్రయల్స్ అన్నీ కలిపి 2023లో ఒక మెటా అనాలిసిస్ చేస్తే, పిల్లల్లో కెఫీన్‌కీ ఉత్తుత్తి మాత్రకీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు.

ఇదంతా పిల్లల సంగతి. మరి పెద్దవాళ్ళు? మనవాళ్ళు షేర్ చేసుకునే "టీ పెద్దవాళ్ళ ఏడీహెచ్‌డీకి చికిత్స కావచ్చు" అనే మాట 2011లో ఒక పేపర్లో వచ్చింది. ఆ పేపర్ అచ్చయిన పత్రిక పేరు 'మెడికల్ హైపోథీసెస్'. అంటే వైద్య ఊహలు. ఊహలు ప్రకటించడానికే పెట్టిన పత్రిక అది, చాలాకాలం పాటు పీర్ రివ్యూ కూడా లేకుండా నడిచింది. అందులో తప్పేం లేదు, ఊహలకీ ఒక చోటు ఉండాలి. కానీ ఊహ అని అట్ట మీదే రాసున్నదాన్ని పట్టుకుని "సైన్సే చెప్తోంది" అంటే ఎలా? ఒక రచయిత తన నవలకి రాసుకున్న ముందుమాటని సమీక్షగా చెలామణి చేస్తే మనం ఊరుకుంటామా?

టీ పక్షంలో ఇంకో అస్త్రం ఉంది, ఎల్-థియనీన్. ఇది టీ ఆకులో ఉంటుంది, కాఫీలో ఉండదు. "కెఫీన్ చురుకునిస్తుంది, థియనీన్ ప్రశాంతతనిస్తుంది, రెండూ కలిస్తే అమృతం" అని వాదన. 2020లో సైంటిఫిక్ రిపోర్ట్స్‌లో ఒక ప్రయోగం వచ్చింది. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకి ఈ రెండూ కలిపి ఇస్తే నిలకడగా గమనించడం మెరుగైందట. బాగుంది. ఎంతమంది పిల్లలు? ఐదుగురు. అందరూ అబ్బాయిలే. అదే ప్రయోగంలో కెఫీన్ ఒక్కటే ఇచ్చినప్పుడు తమని తాము ఆపుకునే శక్తి ఇంకా తగ్గింది. ఈ రెండో వాక్యం ఎవరి పోస్టులోనూ కనపడదు. పైగా అక్కడ ఇచ్చింది బరువుని బట్టి తూచి కొలిచిన మోతాదు. థియనీన్ మీద జరిగే పరీక్షల్లో సాధారణంగా వాడేది 100, 200 మిల్లీగ్రాములు. మామూలు కప్పు టీలో ఉండేది అందులో చిన్న వాటా. బస్టాండు పక్కన మరిగిమరిగి ఉన్న డికాక్షన్లో ఎంతుందో ఆ టీ మాస్టర్‌కీ తెలీదు, నాకూ తెలీదు, మీకూ తెలీదు.

మోతాదు సంగతి చిన్న విషయం కాదు. 240 మిల్లీలీటర్ల పెద్ద కప్పు టీలో సుమారు 30 నుంచి 50 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. అదే కొలత ఫిల్టర్ చేసిన కాఫీలో సుమారు 95. మన ఇరానీ కప్పు ఆ కొలతలో సగం కూడా ఉండదేమో. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజుకి 400 మిల్లీగ్రాముల దాకా పర్వాలేదంటారు. ఇంతకీ మందుగా తాగుతున్నవాళ్ళు ఎంత తాగాలి? ఎప్పుడు? ఎన్నాళ్ళు? ఏం జరిగితే ఆపేయాలి? ఈ నాలుగు ప్రశ్నలకీ జవాబు లేనిదాన్ని మందు అనకూడదు.

అలవాటు సంగతి ఇంకోటి. రోజూ తాగేవాళ్ళ మెదడు కెఫీన్‌కి సర్దుకుపోతుంది. మానేస్తే తలనొప్పి, నీరసం, చిరాకు, వాటితో పాటు ఏకాగ్రత కుదరకపోవడం. ఈ చివరిది నా పైత్యం కాదు, సైకియాట్రీ వాళ్ళ డీఎస్ఎమ్-5 పుస్తకంలో కెఫీన్ విత్‌డ్రాయల్ లక్షణాల్లో ఉన్నదే. అంటే పొద్దున్న మొదటి కప్పుతో "అబ్బ, ఇప్పుడు బుర్ర పనిచేస్తోంది" అనిపించడంలో చాలా వాటా నిన్నటి కప్పు పెట్టిన అప్పు తీర్చడమే. అప్పు తీర్చినవాడికి ఆస్తి వచ్చినట్టు అనిపిస్తుంది.

ఇక నిద్ర. కెఫీన్ సగం తగ్గడానికి ఒంట్లో సుమారు ఐదు గంటలు పడుతుంది, మనిషిని బట్టి ఎక్కువ కూడా పట్టొచ్చు. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిందని 2013లో ఒక ప్రయోగం చూపించింది. ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దవాళ్ళలో చాలామందికి అసలే నిద్ర ఆలస్యంగా వస్తుంది. రాత్రి ఒంటిగంట దాకా కళ్ళు మూతపడవు, పొద్దున్న తెరుచుకోవు. నిద్ర చాలకపోతే దృష్టి నిలవదు, దృష్టి నిలవడానికి ఇంకో టీ, ఆ టీతో ఆ రాత్రి నిద్రకి గండి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

మన దేశానికి సంబంధించిన సంగతి ఒకటి ఉంది. భోజనంతో పాటో, వెంటనేనో టీ తాగితే శాకాహారంలోని ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తహీనత వల్లే అలసట, మందకొడితనం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం. ఇప్పుడు చెప్పండి, "నాకు బుర్ర కుదరట్లేదండీ" అన్న ఒక ముప్పై ఏళ్ళ అమ్మాయికి, ఒక్క రక్తపరీక్ష కూడా చేయించకుండా, రోజుకి నాలుగు కప్పులు రాసిచ్చే హక్కు మనకెవరిచ్చారు?

ఇక పోల్చుకోవాల్సింది దేనితో? మిథైల్‌ఫెనిడేట్, మెదడు కణాలు డోపమిన్‌నీ నారెపినెఫ్రిన్‌నీ తిరిగి లోపలికి లాక్కునే దారిని నేరుగా మూస్తుంది. కెఫీన్ పక్కింటి తలుపు తట్టి ఈ ఇంటికి కబురు పంపిస్తుంది. "రెండూ స్టిమ్యులెంట్లే కదా" అనడం జావా, జావాస్క్రిప్ట్ రెండూ జావాలే కదా అనడం లాంటిది. ఏడీహెచ్‌డీ మందుల మీద జరిగిన 133 డబుల్ బ్లైండ్ ట్రయల్స్‌ని కలిపి 2018లో లాన్సెట్ సైకియాట్రీలో ఒక విశ్లేషణ వేశారు. పెద్దవాళ్ళలో ఆంఫెటమిన్లు, మిథైల్‌ఫెనిడేట్, స్టిమ్యులెంట్ కాని అటమాక్సెటిన్ కూడా కొద్దికాలపు వాడకంలో లక్షణాలు తగ్గించాయని తేలింది. స్వీడన్ రికార్డులతో 2014లో వచ్చిన అధ్యయనంలో, ఏడీహెచ్‌డీ ఉన్న మగవాళ్ళకి మందు వాడుతున్న కాలంలో తీవ్రమైన రోడ్డు ప్రమాదాలు బాగా తక్కువగా ఉన్నాయి. టీ గురించి ఇలాంటి వాక్యం ఒక్కటి రాయగలిగితే నేను ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటాను.

మందులు దేవుళ్ళని నేననడం లేదు. ఆకలి చచ్చిపోతుంది, కొందరికి గుండె దడ, బీపీ, కొందరికి అసలు పడవు. ఎక్కువకాలం వాడితే ఏమిటన్నదాని మీద వాదనలు నడుస్తున్నాయి. కానీ ఆ వాదనలన్నీ కొలిచినవాటి మధ్య జరుగుతున్నాయి. డాక్టర్ మోతాదు మార్చగలరు, ఆపగలరు, బీపీ చూడగలరు. మందుకి తోడు టీ కూడా గట్టిగా పట్టిస్తే దడ పెరుగుతుందని హెచ్చరించగలరు. కప్పుకి ఆ సౌకర్యం లేదు.

*

మరి ఇంత బలహీనమైన వాదన మన మధ్య ఇంత బలంగా ఎందుకు నిలబడింది? నా అనుమానం, కారణం సైన్సులో లేదు, మన భాషలో ఉంది.

ఈ సమస్యకి తెలుగులో మనకున్న మాటలు చూడండి. కుదురు లేదు. నిలకడ లేదు. అరికాలు నేల మీద నిలవదు. పరధ్యానం. మతిమరుపు. బద్ధకం. ఒళ్ళు వంగదు. చేద్దాం చూద్దాం బాపతు. ఇందులో ఒక్కటి కూడా వైద్యం మాట కాదు. అన్నీ మనిషి స్వభావం మీద తీర్పులు. స్వభావానికి మందేమిటి? గట్టిగా అనుకోవడమే మందు. ఆ గట్టిగా అనుకోవడానికి కాస్త ఊతం కావాలంటే ఒక టీ. "ఒక టీ కొట్టి కూర్చో, అదే అయిపోద్ది" అన్న సలహా మనకు అంత సహజంగా ఎందుకు వినిపిస్తుందంటే, అది చికిత్సలా కనిపిస్తూనే పాత తీర్పుని అలాగే ఉంచుతుంది. టీ తాగినా పని కాలేదనుకోండి, ఇక తప్పంతా నీదే. నా పాత ఆఫీసులో ఒక మేనేజర్ గారు ఈ వాక్యాన్ని అక్షరాలా నాతో అన్నారు: "టీ బ్రేకులు ఇన్ని ఇచ్చినా ఫోకస్ లేదంటే ఇంకేం చేస్తాం బాబూ?"

సాహిత్యంలో ఇది ఇంకో వేషం వేసుకొస్తుంది. రచయిత అంటే పరధ్యానం, పరధ్యానం అంటే ప్రతిభ, ప్రతిభకి ఇంధనం టీ. బాల్జాక్ కాఫీ పురాణం అందరికీ తెలుసు. ఆయన 1839లో ఉత్ప్రేరకాల మీద ఏకంగా ఒక వ్యాసమే రాశాడు. మనకి అబిడ్స్‌లో ఓరియంట్ హోటల్ కబుర్లున్నాయి. సంస్మరణ వ్యాసాల్లో "ఆయన టీ మీదే బతికేవాడు" అన్నది మెచ్చుకోలు వాక్యం. పోయిన ఏ రచయితకీ నేను డయాగ్నోసిస్ రాయబోవడం లేదు, అది ఇంకో రకం రోత. కానీ పూర్తి చేయని నవలలూ, కట్టని బిల్లులూ, విరిగిన కాపురాలూ మొత్తం ఆ టీ కప్పు ఆవిరి వెనక అందంగా దాచేయడం మనకు బాగా అలవాటు. ఆ ఆవిరికి అవతల ఇంట్లో బిల్లులు కట్టిన మనిషి పేరు ఆ సంస్మరణలో ఉండదు.

ఇక అభ్యంతరాలు.

"అందరికీ ఉండేదే కదండీ, ఫోన్లు వచ్చాక ఎవరికి మాత్రం ఏకాగ్రత ఉంది?" అందరికీ ఉండేది పరధ్యానం. డయాగ్నోసిస్‌కి కావలసింది వేరే. పన్నెండేళ్ళ లోపే లక్షణాలు మొదలై ఉండాలి, ఇంట్లోనూ పనిలోనూ, కనీసం రెండు చోట్ల కనిపించాలి, బతుకుని నిజంగా దెబ్బతీస్తుండాలి. పెద్దవాళ్ళలో ఇది సుమారు రెండున్నర శాతం మందికి ఉంటుందని అంచనా. మిగతా తొంభై ఏడున్నర శాతం "నాకూ అంతే" అనడం సానుభూతి కాదు. ఎద్దు పుండు కాకికి ముద్దా?

"ఇది మందుల కంపెనీల కుట్ర, పెట్టుబడికి పనికొచ్చే మెదడుని తయారుచేయడం." ఈ మాటలో కొంత నిజం ఉంది. ఓపెన్ ఆఫీసులో ఎనిమిది గంటలు కూర్చోలేకపోవడం జబ్బా, ఆ ఆఫీసే జబ్బా అని అడగాల్సిందే. కానీ కంపెనీల మీద అంత అనుమానం ఉన్నవాళ్ళు టీని మాత్రం అమ్మ చేతి కషాయంలా చూడటమే నాకు అర్థం కాదు. మన దేశంలో మామూలు జనానికి టీ పరిచయమైందే మార్కెటింగ్ వల్ల. 1903లోనే టీ ప్రచారం కోసం ప్రభుత్వం ప్రత్యేకంగా సెస్సు వేసింది. 1930ల్లో తోటల యజమానుల తరఫున ఊరూరా తిరిగి ఉచితంగా కప్పులు పోసి, ఎలా కాచుకోవాలో చూపించి, పోస్టర్లు అంటించి అలవాటు చేశారు. ఫ్యాక్టరీల్లో టీ విరామం కూడా ఆ ప్రచారంలో భాగమే. ఎందుకనుకుంటున్నారు? కార్మికుడు ఇంకాసేపు చురుగ్గా పనిచేస్తాడని. పెట్టుబడికి పనికొచ్చే మెదడు తయారు చేయడంలో టీ, రిటాలిన్ కంటే సీనియర్.

మూడో అభ్యంతరం అన్నిటికంటే గట్టిది. "డాక్టర్ దగ్గరికి వెళ్ళగలిగినవాళ్ళ కబుర్లు ఇవి. వెళ్ళలేనివాళ్ళ సంగతేంటి?" నిజమే. మన దేశంలో లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు. ఉన్నవాళ్ళు నగరాల్లో ఉన్నారు. వాళ్ళలో కొందరు ఇప్పటికీ ఏడీహెచ్‌డీ అంటే చిన్నపిల్లల అల్లరి అనుకుంటారు. మిథైల్‌ఫెనిడేట్ ఎన్డీపీఎస్ చట్టం కిందికి వస్తుంది కాబట్టి ప్రతి మందుల షాపులో దొరకదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాలున్నాయి, ఆటిజం ఉంది, లెర్నింగ్ డిజెబిలిటీ ఉంది, ఏడీహెచ్‌డీకి విడిగా చోటు లేదు. ఇలాంటి చోట ఒక మనిషి టీతో నెట్టుకొస్తుంటే నేను వేలెత్తి చూపించను. నెట్టుకురావడానికి ఏది దొరికితే అది పట్టుకుంటాం.

కానీ దాన్ని నెట్టుకురావడం అనే అందాం. రోడ్డు లేని ఊళ్ళో మనిషిని డోలీలో మోసుకెళ్తారు. డోలీ మోసినవాళ్ళకి దండం పెడతాం. అంతేగానీ "అంబులెన్స్ ఎందుకు, డోలీ సహజం, సైడ్ ఎఫెక్ట్స్ లేవు" అని వ్యాసాలు రాయం. టీని చికిత్స అన్న రోజు మనం చేస్తున్నది సరిగ్గా అదే. ఆ మాట అన్నాక ఇక ఎవరూ జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్టు ఎందుకు లేరని అడగక్కర్లేదు, ఇన్సూరెన్స్ కంపెనీని నిలదీయక్కర్లేదు, ఆఫీసులో చోటు మార్చమని అడగక్కర్లేదు. ప్యాంట్రీలో మెషీన్ ఉంది కదా!

టీ తాగండి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళూ తాగండి, సాయంత్రం కాస్త చూసుకుని తాగండి, మందు వాడుతుంటే ఎంత తాగుతున్నారో డాక్టర్‌తో చెప్పండి. ఇష్టమైంది తాగడానికి దానికి వైద్య గుణాలు అంటగట్టక్కర్లేదు.

ఈసారి మీ స్నేహితురాలో, తమ్ముడో "నావల్ల కావట్లేదు, ఏదీ పూర్తి చేయలేకపోతున్నాను, చిన్నప్పట్నుంచీ ఇంతే" అన్నప్పుడు, కప్పు చేతిలో పెట్టి ఊరుకోకండి. ఎవరికైనా చూపించుకున్నావా అని అడగండి. లేదంటే, అపాయింట్‌మెంట్ తీసుకోవడమే వాళ్ళకి కొండెక్కినంత పని అని గుర్తుపెట్టుకుని ఆ ఫోన్ మీరు చేసిపెట్టండి. ఆ రోజు తోడు వెళ్ళండి. అక్కడ వెయిటింగ్ హాల్లో గంటలు గంటలు కూర్చోవాల్సి వస్తుంది. టీ అప్పుడు తాగొచ్చు.